యెనాన్ గుహలు - ఒక విలేఖరిణి చూపు

ఉత్తరచైనాయందు షెన్సీ యను రాష్ట్రము కలదు. అచటి నేల చాలవఱకు పసుపువన్నె గల మెత్తని మన్ను. ఆ మన్ను కలియుటవలననే హొయాంగ్‌హో నదికి ఆ రంగు వచ్చినది. ఆ పేరునకు పసుపునది యనియే యర్థము. వానలు తక్కువ, చెట్లును అరుదు. కావున ఆ ప్రాంతపు పల్లెవారు కొండచఱియలను తొలిచి, ఆ గుహలలోనే తరతరములుగా కాపురము చేసిరి. గుహకు ముందువైపున కమానువంటి వాకిలియు, కాగితము నతికిన కిటికీయు నుండును. పొయ్యి పొగ ఒక మట్టితిన్నె క్రిందుగా పోవునట్లమర్చి, వెచ్చబడిన యా తిన్నెమీద ఇంటిల్లిపాదియు నిదురింతురు. వేసవిలో ఆ గుహలు చల్లగా నుండును. ఆ కాలమున అచటివారి ముఖ్యాహారము మన మెఱిగిన కొఱ్ఱలే.

ఆ కొండల నడుమ నున్న చిన్న పట్టణము యెనాన్. 1937 మొదలు 1947 వఱకు చైనా కమ్యూనిస్టులకు అది ముఖ్యస్థానముగా నుండెను. 1937 ఆరంభమున అచటికి వెళ్లిన విదేశీయులలో ఆగ్నెస్ స్మెడ్లీ యను అమెరికా వనిత యొకతె. ఆమె వృత్తి పత్రికలకు వార్తలు వ్రాయుట.

ఆమె 1892వ సంవత్సరమున మిస్సౌరీ రాష్ట్రములో పేదయింట పుట్టినది. గనిపనివారి యూళ్లలో పెరిగినది. తల్లి యితరుల బట్టలుతికి సంసారము నీడ్చెను. న్యూయార్కు నగరమున లాలా లజపతిరాయిగారి పరిచయముచే ఆమెకు భారతస్వాతంత్ర్యోద్యమమునం దభిమానము కలిగెను. ఆ కారణముననే 1918లో చెఱసాల పాలయ్యెను. పిమ్మట బెర్లిను నగరమున వీరేంద్రనాథ చట్టోపాధ్యాయునితో కొన్ని సంవత్సరములు భార్యాభర్తలవలె నివసించెను. ఈతడు హైదరాబాదున పుట్టినవాడు, సరోజినీదేవికి సోదరుడు. వారి సాహచర్యము నిలువలేదు. ఆమె 1928 చివర జర్మను పత్రిక యొకదానికి విలేఖరిగా చైనాకు బయలుదేరెను. చట్టోపాధ్యాయుడు 1937లో మాస్కోయందు మరణశిక్షకు గురియయ్యెను. ఆమె వ్రాసిన ఆత్మకథవంటి నవలను ఓల్గాగారు 'భూమి పుత్రిక' యను పేర తెనిగించియున్నారు.

1936 డిసెంబరులో సియాన్ నగరమున చాంగ్ కై షేక్‌ను ఆయన సేనానులే నిర్బంధించిరి. అంతఃకలహము మాని జపానును ఎదిరింపవలెనని వారి కోరిక. ఆ దినములలో స్మెడ్లీ అచటనే యుండి, రేడియో ద్వారా ఆంగ్లమున ఆ వార్తలను లోకమునకు తెలిపెను. గాయపడినవారికి కట్లును కట్టెను. ఒక చేత కలము, ఒక చేత కట్టుగుడ్డ. అటుపిమ్మట చైనాలో ఆమె చేసిన పని కెల్ల ఇదియే రూపము.

యెనాన్ చేరిన పిదప ఆమె గుహలో వసించి, చూటే సేనాని జీవితచరిత్రకై ఆయన చెప్పిన సంగతులను వ్రాసికొనుచుండెను. ఆ యూర నెలుకలు మెండు. ప్లేగు ఎలుకల వలనను, వాని నంటియుండు మిన్నల్లుల వలనను వ్యాపించును గదా! అందుచే ఆమె ఎలుకలను నిర్మూలింపుడని అచటి వారిని ప్రోత్సహించుచు నొక చిన్న యుద్యమమునే నడపెను. రాజ్యములను మార్ప బూనినవారి నడుమ ఎలుకబోనుల మాట యెత్తుటకు కొంత ధైర్యము కావలెను.

1938లో ఆమె హాంకౌ నగరమున నుండి ఇంగ్లండులోని 'మాంచెస్టర్ గార్డియన్' పత్రికకు వార్తలు పంపెను. యుద్ధభూమినుండి క్షతగాత్రులను కొనివచ్చుటకు బండ్లు చాలవు. పల్లెవారు డోలీలపై మోసికొని వచ్చుచుండిరి. గుండుదెబ్బకు చావనివాడు విరేచనములకో, చలిజ్వరమునకో చచ్చుచుండెను. దుస్తులలోని పేలవలన టైఫస్ జ్వరమును, మరలమరల తిరుగబెట్టు మఱియొక జ్వరమును దండులో వ్యాపించును. చైనా రెడ్‌క్రాసు వైద్యదళమునకు నాయకుడగు రాబర్ట్ లిమ్ వైద్యుడు దీనిని గ్రహించి, సైనికులకు స్నానము చేయించి, గజ్జికి మందు పూయించి, వారి దుస్తులను ఆవిరిలో నుడికించు కేంద్రములు నెలకొల్పెను. మందులకును ధనమునకును లోకమును అర్థించు పనిని స్మెడ్లీ తనపై వేసికొనెను.

సోదరీమణులారా, ఈ పనులలో మన యింటికి దూరమైన దేది? నీళ్లు కాచుట, బట్టలుడికించుట, ఎలుకలను వెడలగొట్టుట: వీనిని చిన్నపనులని మనవారే చులకన చేయుదురు. చాకిరేవునుండి వచ్చిన తల్లిబిడ్డకు మాత్రము వీని విలువ కనబడెను.

చూటే సేనాని 1937 నవంబరులో నెహ్రూగారికి వైద్యసహాయము కోరుచు జాబు వ్రాసెను; స్మెడ్లీయు దానిని బలపఱచెను. 1938లో కాంగ్రెసువారు అటల్, చోల్కర్, కోట్నిస్, బసు, ముఖర్జీ యను ఐదుగురు వైద్యులను పంపిరి. షోలాపురమువాడగు కోట్నిస్ అచటనే ఒక చైనా నర్సును వివాహమాడి, ముప్పదిరెండవ యేట, 1942 డిసెంబరులో, అచటనే కన్నుమూసెను. ఆయన కుమారునికి ఇన్‌హువా యని పేరిడిరి. అందు మొదటి భాగము భారతదేశమును, రెండవది చైనాను తెలుపును.

స్మెడ్లీ వ్రాతల నన్నింటిని ఒక్కతీరున నమ్మరాదు. ఆమెకు కమ్యూనిస్టు అంతర్జాతీయ సంస్థతో రహస్యసంబంధ ముండెనని పిదప బయల్పడిన పత్రములు తెలుపుచున్నవి. అందుచే నాయకులనుగూర్చి ఆమె పొగడ్తలను జాగ్రత్తతో చదువవలెను. డోలీపై మూల్గువానికి ఏ కక్షయు లేదు. ఆ పుటలకు మాత్రము విలువ తగ్గదు.

ఆమె 1950 మే నెలలో ఆక్స్‌ఫర్డున మరణించెను. ఆమె యస్థికలను మరుసటి సంవత్సరము పెకింగు నగరమున పూడ్చిరి. రాజకీయవార్తలు చదువునపుడు ఎవరు గెలిచిరని మాత్రమే మనము చూతుము. ఆ దేశపు ప్రజలు త్రాగు నీరెట్టిది, కప్పుకొను గుడ్డ యెట్టిది యని కూడ అడుగుట ఆమె వ్రాతలవలన మనము నేర్వదగిన పాఠము.