ఆరు మంచాలకు ఒక్క సిస్టర్



మాది బుద్వేల్. నిరుడు మా అత్తమ్మకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు రెండు రాత్రులు హెచ్.డి.యు.లో ఉంచారు. అది ఐ.సి.యు.కూ మామూలు వార్డుకూ మధ్య మెట్టు. గంటగంటకూ బి.పి., శ్వాస, మూత్రం కొలత చూడవలసిన రోగులు అక్కడ ఉంటారు. మంచం పక్కన కూర్చోవడానికి నన్ను అనుమతించారు.

మొదటి రాత్రి అత్తమ్మ ఆక్సిజన్ మాస్కు జారింది. ఎంత పిలిచినా సిస్టర్ రాలేదు. కోపం ఆపుకోలేక అరిచాను. మరో మంచం మీద ముసలాయనను పక్కకు తిప్పుతున్న ఆ బిడ్డ, "ఏం జెయ్యాలె అక్కా, ఆరుగురికి నేనొక్కదాన్నే" అంది.

అర్ధరాత్రి దాటాక ఇంకో సిస్టర్‌ను పంపారు. మూడు గంటలకు ఆమె అత్తమ్మ మూత్రం సంచి చూసి, బి.పి. చూసి, పరుగున డాక్టరుగారిని పిలిచింది. లోపల రక్తం కారుతోందట. సమయానికి చూశారు గనుక అత్తమ్మ బ్రతికింది. దేవునికి స్తోత్రం! కాని ఆ రెండో సిస్టర్ రాకపోయి ఉంటే?

తెల్లవారి డ్యూటీ దిగిపోతున్న మొదటి సిస్టర్‌ను ఆపి, క్షమించమన్నాను. ఆమె చేతిలో అన్నం డబ్బా మూత తీయకుండానే ఉంది.

బ్రిటన్‌లో ఇలాంటి వార్డులో ఇద్దరు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ప్రమాణం. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2004 నుండి ఈ లెక్కను చట్టమే నిర్ణయిస్తోంది. పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, నర్సుకు ఒక్కొక్క రోగి పెరిగేకొద్దీ ఆపరేషన్ అయినవారు నెలలోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనబడింది.

నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో, ఉదయం నుండి సాయంకాలం వరకు ఒంటరిగా శ్రమపడుతున్న మోషేను చూశాడు. సోమరివని నిందించలేదు. ఈ భారం ఒక్కడు మోయలేడని చెప్పి, సహాయకులను నియమించమన్నాడు. నేనైతే ఆ రాత్రి నిందించడమే ఎరుగుదును.

ప్రియులారా, మనవారిని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు రోజుకు ఎంత ఖర్చని అడుగుతాం. రాత్రిపూట ఎంతమందికి ఒక సిస్టర్ ఉంటుందో కూడా అడుగుదాం. నర్సు మీద అరవకుండా, ఆ ప్రశ్న యాజమాన్యాన్ని మర్యాదగా అడుగుదాం. మన సంఘాల నుండి నర్సులుగా వెళ్లిన బిడ్డల కొరకు, వారి పక్కన నిలిచే రెండో జత చేతుల కొరకు ప్రార్థించుదాం. ఆమేన్.