బకెట్టుకు ఎన్ని కిలోవాట్లు?

అన్నోజిగూడలో మా ఇంటికి ఇన్‌స్టెంట్ గీజర్ కొందామని వెళ్తే షాపులో లీటర్ల సంగతే చెప్పారు. ఒక లీటరా, మూడు లీటర్లా అని. నీళ్లు పారుతుండగానే కాచే గీజర్‌లో డబ్బా ఎంత పెద్దదైతే ఏం, వేడినిచ్చేది కిలోవాట్లు. అందుకే ముందు కాగితం మీద లెక్క వేసుకున్నాను.

జనవరి తెల్లవారుజామున మా మేడమీది ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. స్నానానికి 40 చాలు. 3 కిలోవాట్ల గీజర్ ఆ వేడితో నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు ఇస్తుంది. 20 లీటర్ల బకెట్టు తొమ్మిది, పది నిమిషాల్లో నిండుతుంది, కరెంటు అర యూనిట్‌లోపే. మావన్నీ బకెట్టు స్నానాలే కాబట్టి 3 కిలోవాట్లదే తీసుకున్నాను. కొళాయి సన్నగా తిప్పుకోవాలి, అంతే. షవర్ అలవాటున్న ఇంటికి మాత్రం ఇది చాలదు. నిమిషానికి ఆరు లీటర్లు వదిలితే నీటి వేడి ఏడు డిగ్రీలు మించి పెరగదు. వాళ్లకు 15 లీటర్ల స్టోరేజీ గీజరే నయం.

మరి 4.5 కిలోవాట్లది? అది దాదాపు 20 ఆంపియర్లు లాగుతుంది. బాత్రూంలోని 16 ఆంపియర్ల ప్లగ్గు దానికి పనికిరాదు. విడిగా మందమైన వైరు, ఎంసీబీ వేయించాలి, మీటరుకు లోడు పెంచుకోవాల్సి రావచ్చు. ఆ ఖర్చు కూడా గీజర్ ధరలో కలిపి చూడాలి. నేను ఆ డబ్బుతో ఎర్తింగ్ సరిచేయించాను. నా దృష్టిలో ఇంట్లో అన్నిటికన్నా విలువైన ఖర్చు అదే.

ఇన్‌స్టెంట్ అయితే బిల్లు సగమవుతుందని ఆశపడొద్దు. అన్నే నీళ్లు అంతే వేడెక్కాలంటే కరెంటూ అంతే కావాలి. కాచిన నీళ్లు ఊరికే చల్లారిపోయే నష్టం ఒక్కటే తగ్గుతుంది. నలుగురి స్నానాలకు నెలకు 55 యూనిట్ల పైనే అవుతుంది, దాంతో ఇంటి మొత్తం వాడకం 200 యూనిట్లు దాటొచ్చు. తెలంగాణలో 2022 ఏప్రిల్ రేట్ల ప్రకారం సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే కరెంటు ఛార్జీ 820 రూపాయలు. 200 దాటితే ఆ మొదటి 200కే 1,020. ఉచిత కరెంటిచ్చే గృహజ్యోతి పథకం ఉన్న ఇంటికైతే 200 దాటిన నెల ఉచితమే పోతుంది.

బోరు నీళ్ల ఇళ్లలో కాయిల్ మీద తెల్లటి గార పేరుకుంటుంది, ఏడాదికోసారి విప్పించి గీకించాలి.

మీ ప్లగ్గు ఎన్ని ఆంపియర్లది, వైరు మందమెంత, మీటరు లోడెంత. ఈ మూడూ రాసుకున్నాకే షాపుకు వెళ్లండి.