మాదాపూర్‌లో టేపుల కాపలా

హైటెక్ సిటీలో ఉద్యోగమంటే కోడ్ రాయడమే అనుకుంటారు బంధువులంతా. నాది బ్యాకప్ పని. పగలంతా సర్వర్లలో జరిగినదాన్ని రాత్రిపూట టేపుల మీదికి ఎక్కించడం, ఎక్కింది మళ్లీ దిగుతుందో లేదో చూడడం, ఆ టేపులను పెట్టెలో సర్ది సీలు వేసి వేరేచోట ఉన్న వాల్ట్‌కి పంపడం. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత కొన్నాళ్లకే నేను ఈ పనిలోకి వచ్చాను. అప్పట్లో మాదాపూర్ దాటితే రాళ్లగుట్టలే. ఇప్పుడు రాయదుర్గం మెట్రో దగ్గర దిగి చూస్తే అన్నీ అద్దాల మేడలే. ఇంత మారినా నా చేతిలోంచి టేపు మాత్రం పోలేదు.

"ఇంకా టేపులేంటి సార్, అంతా క్లౌడే కదా?" అని కొత్తగా చేరిన పిల్లలు అడుగుతుంటారు. వాళ్లకు 2011 ఫిబ్రవరి సంగతి చెబుతాను. ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల వేలమంది జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయ్యాయి. డేటా సెంటర్లలో దాచిన అదనపు ప్రతుల్లోకి కూడా ఆ లోపం పాకింది. గూగుల్ ఆ ఉత్తరాలను టేపుల నుంచి తిరిగి తెచ్చింది. ఏ నెట్‌వర్కుకీ తగిలించకుండా అరలో ఉన్న టేపు జోలికి వైరస్ రాలేదు, దాన్ని ఎవరూ దూరంనుంచి చెరపలేరు. ఇవాళ బ్యాంకులు టేపులను నమ్ముకోవడానికి కారణం ఇదే.

మేం వాడే ఎల్‌టీవో టేపు అరచేతిలో పట్టే చతురస్రపు డబ్బా. ఎనిమిదో తరం డబ్బాలో అర అంగుళం వెడల్పున 960 మీటర్ల టేపు ఉంటుంది, 12 టెరాబైట్లు పడుతుంది. డ్రైవులో రాసే హెడ్ వెనకాలే చదివే హెడ్ ఉంటుంది. రాసిన ముక్క అటు కదిలీ కదలకముందే చదివేసి, తప్పుంటే మళ్లీ రాస్తుంది. సర్వర్ నుంచి డేటా నెమ్మదిగా వస్తే టేపు ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వస్తుంది. దీన్ని మా వాళ్లు షూషైనింగ్ అంటారు. టేపులూ డ్రైవులూ ఉండే లైబ్రరీ పెట్టె ముందు నిలబడితే ఆ చప్పుడునుబట్టే ఏ డ్రైవు ఇబ్బంది పడుతోందో తెలిసిపోతుంది.

ఈ పనిలో నాకు మొదటి పెద్ద పాఠం ఒక చిన్న కంపెనీ దగ్గర దొరికింది. వాళ్లు డీడీఎస్ టేపులు వాడేవారు. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుండే సన్నటి టేపు అది. సంగీతం కోసం తయారైన డ్యాట్ క్యాసెట్‌నే 1989లో సోనీ, హెచ్‌పీ కంపెనీలు డేటా కోసం మలిచాయి. రోజూ బ్యాకప్ విజయవంతమనే రిపోర్టు వచ్చేది. ఒకరోజు సర్వర్ డిస్కు పోయింది. అదే సమయానికి డ్రైవు కూడా మొరాయించడంతో కొత్తది కొని పెట్టారు. కొత్త డ్రైవు ఒక్క టేపునూ చదవలేదు. చివరికి తేలిందేమిటంటే, పాత డ్రైవులో హెడ్ కోణం ఎప్పుడో కాస్త పక్కకు జరిగింది. ఆ వంకరలోనే రాసింది, ఆ వంకరలోనే చదివి అంతా సరిగ్గా ఉందని చెప్పింది. పాడైన ఆ పాత డ్రైవునే మరమ్మతు చేయించి, దానితోనే డేటా బయటికి తీశాం. అప్పటినుంచి రాసిన డ్రైవులో చదివి చూసిన టేపును నేను లెక్కలోకి తీసుకోను. వేరే డ్రైవులో రిస్టోర్ అయితేనే సంతకం పెడతాను.

హెడ్ కోణం అనే ఈ తలనొప్పి ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళ్తే జర్మనీకి చేరాను.

సిగరెట్ కాగితాలకు కంచు రంగు అంచు అద్దే పనిలో ఆరితేరిన ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్, 1928లో డ్రెస్డెన్‌లో కాగితం మీద ఇనుప పొడి పూసి దాని మీద ధ్వని రికార్డు చేశాడు. ఆ హక్కులు ఏఈజీ కంపెనీకి వెళ్లాయి. టేపు తయారుచేసే బాధ్యత ఐజీ ఫార్బెన్ సంస్థలో భాగమైన లుడ్విగ్స్‌హాఫెన్ కర్మాగారానిది. అదే ఇప్పటి బీఏఎస్ఎఫ్. టేపును గీరకుండా తాకే గుండ్రటి హెడ్‌ను ఎడువర్డ్ షుల్లర్ తయారుచేశాడు. 1935 ఆగస్టులో బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ టేపు యంత్రం మాగ్నెటోఫోన్ జనానికి కనిపించింది. మరుసటి ఏడు నవంబరులో థామస్ బీచమ్ లండన్ ఫిల్హార్మోనిక్ బృందంతో లుడ్విగ్స్‌హాఫెన్ వచ్చి కచేరీ చేస్తే దాన్నీ టేపు మీద పట్టారు. కానీ బుసబుసమనే రొద ఎక్కువ. సంగీతానికి గ్రామఫోను డిస్కే మేలనిపించే స్థితి.

అసలు మలుపు 1940లో వచ్చింది. జర్మన్ రేడియో ఇంజినీరు వాల్టర్ వెబర్ ప్రయోగాలు చేస్తుండగా ఒక ఆంప్లిఫయర్ దానంతటదే చెవికి అందనంత పై స్థాయిలో కంపించడం మొదలుపెట్టింది. రికార్డింగులో రొద ఒక్కసారిగా తగ్గిపోయింది. ఆయనా, ఆయన పై అధికారి ఫాన్ బ్రౌన్‌మ్యూలూ కారణం పట్టుకున్నారు. టేపు మీది అయస్కాంత రేణువులు చిన్న సంకేతానికి సరిగ్గా స్పందించవు, ఉన్నచోటే మొండికేస్తాయి. ధ్వనితోపాటు చెవికి వినిపించని ఆ వేగవంతమైన కంపనాన్ని కూడా పంపితే, కుంచంలో పోసిన బియ్యం కుదిపినప్పుడు సర్దుకున్నట్టు, ఆ రేణువులు సంకేతానికి తగ్గట్టు కుదురుకుంటాయి. అమెరికాలోనూ జపాన్‌లోనూ అంతకుముందే ఈ ఊహ వచ్చినా, దాన్ని రోజూ స్టూడియోలో నడిచే యంత్రంగా మార్చింది వీళ్లే. మా డిజిటల్ టేపుకు ఈ కంపనం అక్కర్లేదు. రేణువును అటో ఇటో పూర్తిగా తిప్పేస్తే చాలు. చెరిపేది, రాసేది, చదివేది అనే మూడు హెడ్‌ల వరుస మాత్రం మాగ్నెటోఫోన్‌లో ఉన్నదే. రాసిన వెంటనే చదివి చూసుకునే మా ఎల్‌టీవో డ్రైవు పద్ధతికి అదే మూలం.

మాగ్నెటోఫోన్ టేపు సెకనుకు 77 సెంటీమీటర్ల వేగంతో నడిచేది. వెయ్యి మీటర్ల చుట్ట ఇరవై నిమిషాలు దాటి పలికేది. మధ్యలో సూది చప్పుడు లేదు, డిస్కు మార్చడం లేదు. నాజీలు దీన్ని ప్రచారానికి వాడుకున్నారు. ఎప్పుడో చేసిన ప్రసంగం ఎప్పుడైనా ఎక్కడినుంచైనా వినిపించేది. వింటున్న శత్రుపక్షానికి అది అప్పటికప్పుడు మాట్లాడుతున్నదో, రికార్డో తేలేది కాదు. ఇంతటి పనితనం వెనక ఉన్నవాళ్ల గురించి చెప్పకుండా దాటిపోవడం నాకు ఇష్టం లేదు. టేపు తయారుచేసిన ఐజీ ఫార్బెన్ సంస్థే ఆష్విట్జ్ పక్కన మోనోవిట్జ్‌లో ఖైదీల చేత వెట్టి చేయించి ఫ్యాక్టరీ కట్టింది. దాని అధికారుల్లో 13 మందికి 1948లో న్యూరెంబర్గ్‌లో శిక్షలు పడ్డాయి. ఏఈజీ కూడా బలవంతపు కూలీలను వాడుకుంది. మా వృత్తి చరిత్ర రాసేవాళ్లు ఈ పేజీ చింపకూడదు.

యుద్ధం నడుస్తుండగానే బెర్లిన్ ఇంజినీర్లు స్టీరియోలో కూడా రికార్డు చేశారు. 1944లో వాల్టర్ గీసెకింగ్ పియానో వాయించిన బీథోవెన్ కాన్సర్టో ఇప్పటికీ దొరుకుతుంది. నెమ్మదిగా సాగే చోట్ల దూరంగా విమాన విధ్వంసక తుపాకుల మోత వినిపిస్తుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

1945లో అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగంలో పనిచేసే జాక్ మలిన్, జర్మనీలోని బాడ్ నౌహైమ్ రేడియో కేంద్రంలో ఈ యంత్రాలను చూశాడు. రెండింటిని విడదీసి, 50 చుట్టల టేపుతో కలిపి, తపాలా సంచుల్లో ముక్కలుముక్కలుగా ఇంటికి పంపించుకున్నాడు. జర్మన్ పేటెంట్లు శత్రువుల ఆస్తిగా స్వాధీనమయ్యాయి కనుక అడ్డుచెప్పేవాళ్లు లేరు. 1946 మే నెలలో శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంజినీర్ల ముందు ఆ యంత్రాలను పలికించాడు. గాయకుడు బింగ్ క్రాస్బీకి ప్రతివారం లైవ్ కార్యక్రమం చేయడం విసుగు. 1947లో తన రేడియో కార్యక్రమాన్ని మలిన్ చేత టేపు మీద చేయించాడు. ఉన్న కొద్ది టేపునే చెరిపి, అతికించి, మళ్లీ వాడారు. క్రాస్బీ పెట్టిన 50,000 డాలర్లతో నిలదొక్కుకున్న ఆంపెక్స్ అనే చిన్న కంపెనీ 1948లో తన మొదటి యంత్రం అమ్మింది, 1956లో వీడియో టేపు తెచ్చింది. 1952లో ఐబీఎం కంప్యూటర్ డేటాను టేపు మీదికి ఎక్కించింది. అక్కడినుంచి మాదాపూర్ సర్వర్ రూమ్‌కి తిన్నగా దారి పడింది.

టేపు మన రేడియోకీ అదే దారిలో చేరింది. 1938లో మద్రాసు, 1948లో విజయవాడ కేంద్రాలు మొదలయ్యాయి, నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాద్ అయింది. టేపు వచ్చాక మన స్టేషన్లవాళ్లు భుజానికి మ్యూనిక్‌లో తయారైన ఊహెర్ టేపు రికార్డరు పెట్టె తగిలించుకుని ఊళ్లకు వెళ్లి గొంతులు పట్టుకొచ్చారు. టేపు చుట్టిన స్పూలు ఆడే వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు. ఏఈజీ వారి 77ను అంగుళాల్లోకి సర్ది, రెండుసార్లు సగం చేస్తే వచ్చే వేగమది. టేపును చెరిపి మళ్లీ వాడుకోవచ్చన్నదే దాని సుగుణం. ఎన్నో గొంతులు మనకు దక్కకుండా పోవడానికీ అదే కారణం.

నా టీములో ఒక కుర్రాడిది ఖమ్మం వైపు. వాళ్ల తాతగారు బుర్రకథ చెప్పేవారట. అటక మీద దొరికిన స్పూళ్లు ఒక అట్టపెట్టెలో తెచ్చి, "అన్నా, ఇవి పలుకుతాయా?" అని అడిగాడు. వెంటనే మెషీన్ మీద పెట్టకూడదని ముందే చెప్పాను. స్పూలును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడాలి. లోపలినుంచి వెలుగు కనిపిస్తే అసిటేట్, కనిపించకపోతే పాలిస్టర్. అసిటేట్ పాడైతే వెనిగర్ వాసన వస్తుంది, పెళుసుబారుతుంది. పాలిస్టర్ రకాల్లో కొన్నింటికి గాలిలోని తేమ పీల్చుకుని పూత జిగటవుతుంది. ఆడిస్తే కీచుమంటుంది, హెడ్ నిండా గోధుమరంగు పొడి అంటుకుంటుంది. ఆ పొడే గొంతు. అలాంటివాటిని 50 డిగ్రీలు దాటీ దాటని వేడిలో కొన్ని గంటలు ఆరబెడితే కొన్నాళ్లపాటు ఆడించేంతగా కోలుకుంటాయి.

స్పూళ్లను ఆడించే డెక్కు ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికింది, బెల్టులూ రబ్బరు చక్రమూ కోఠి గుజరాతీ గల్లీలో. మొదటి స్పూలు పెట్టగానే దుప్పటి కప్పుకుని మాట్లాడుతున్నట్టు మొద్దుబారిన గొంతు. కుర్రాడి మొహం వాడిపోయింది. నాకు వెంటనే ఆ డీడీఎస్ డ్రైవు గుర్తొచ్చింది. ఊళ్లో రికార్డు చేసిన మెషీన్ హెడ్ ఏ కోణంలో ఉందో, నా హెడ్ కూడా ఆ కోణంలోకి రావాలి. హెడ్ పక్కనున్న చిన్న మరను స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ విన్నాను. దీనికి గొంతుకన్నా లోహపు చప్పుడు మంచి గుర్తు. కథకుడి బొటనవేలికున్న అందెలు గణగణమంటాయి కదా, వాటి మీదే చెవి పెట్టాను. మొదట పొడిగా టకటకమన్నాయి. ఇంకాస్త తిప్పేసరికి ఘల్లుమన్నాయి. ఆ వెనకే గుమ్మెటల దరువు విడిపడింది, వంతపాడేవాళ్లిద్దరి గొంతులూ వేరువేరుగా తెలిశాయి. "మా తాతే!" అన్నాడు కుర్రాడు. అంతవరకు వాడు ఆయన్ని ఫొటోలోనే చూశాడు.

ఐటీ కారిడార్‌లో ఇన్నేళ్లు పనిచేసినవాడిగా నాకున్న బెంగ ఒకటే. బ్యాంకు లెక్కలకు మేం మూడు ప్రతులు పెడతాం, గడువు ప్రకారం రిస్టోర్ చేసి చూస్తాం, పాత తరం డ్రైవు కనుమరుగయ్యేలోపే కొత్త తరం టేపు మీదికి మారుస్తాం. ఎల్‌టీవో ఎనిమిదో తరం డ్రైవు ఆరో తరం టేపును చదవదు. అందుకే ఆ తేదీలు మా క్యాలెండర్లలో రాసి ఉంటాయి. అదే ఇనుప పొడి మీదున్న మన కథకుల, నాయనమ్మల, బడిపంతుళ్ల గొంతులకు అలాంటి క్యాలెండరు ఎవరూ పెట్టలేదు. ఆకాశవాణి తన భాండాగారంలోవి డిజిటల్‌లోకి మారుస్తూ వచ్చింది, అది గొప్ప పని. ఇళ్లలో, గ్రంథాలయాల్లో, నాటక సమాజాల బీరువాల్లో ఉన్నవాటి సంగతేమిటి? స్పూలు ఇంకా కొన్నేళ్లు నిలవొచ్చు. దాన్ని ఆడించే డెక్కులు, ఆ మర తిప్పడం తెలిసిన చేతులు అంతకన్నా ముందే అయిపోతున్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో తెలుగు మాటను యంత్రానికి నేర్పుతున్నారు. యాభై అరవై ఏళ్ల కిందటి పల్లె ఉచ్చారణ ఈ స్పూళ్లలోనే ఉంది. ఇక్కడి కంపెనీల్లో హెడ్ అలైన్‌మెంట్ తెలిసిన ఇంజినీర్లు ఇంకా ఉన్నారు. వాళ్లు వారాంతంలో ఒక పూట ఇచ్చినా చాలు. నేను ఇస్తున్నాను.

ఖమ్మం పెట్టెలో కొన్ని అసిటేట్ స్పూళ్లు మిగిలాయి. వాటికి వేడి తగలకూడదు. ఒకదాని అంచు అప్పుడే పెళుసెక్కింది, అతుకు ఊడింది. స్ప్లైసింగ్ టేపు తెప్పించాను. ఈ ఆదివారం ముందు దాన్నే ఎక్కిస్తాను.