సభాకంపము

సభలో లేచి నిలువగనే కాళ్లు వణకుట, నోరెండుట, నేర్చిన మాట మఱచుట, దీనినే పెద్దలు సభాకంపమందురు. ఇరువది యేండ్లుగా ఉపాధ్యాయవృత్తియందున్న మేము దీనిని ఏటేట చూచుచున్నాము. వ్రాతపరీక్షలో తప్పులేకుండ వ్రాయు బాలుడు వక్తృత్వపు పోటీనాడు స్తంభముచాటున దాగును. పనికై ఊరు విడిచి పట్నము చేరిన తండ్రులు కొందఱు, తల్లిదండ్రుల సమావేశమున ఏదియో చెప్పదలచి లేచి, తమ యాస విని నవ్వుదురేమో యని మరల కూర్చుందురు. పరస్థలమున నున్నవానికి ఈ భయము రెట్టింపు.

వాగ్ధాటి పుట్టుకతో రావలసినదే యని నిరాశపడువారికి మేము గాంధీమహాత్ముని వృత్తాంతమును చెప్పుచుందుము. ఆయన ఇంగ్లండున చదువుచుండగా, ఒక శాకాహారుల సభకు ఉపన్యాసము వ్రాసికొని వెళ్లెను. అది యొక కాగితమునకు మించదు. అయినను చదువ లేచినంతనే కన్నులు మసకబాఱి, దేహము వణకెను; మిత్రుడొకడు దానిని చదువవలసివచ్చెను. స్వదేశమునకు మరలిన పిమ్మట బొంబాయి న్యాయస్థానమున తొలి వ్యాజ్యములో సాక్షిని ప్రశ్నింపలేక కూర్చుండెను.

ఆ యువకుడే 1893లో దక్షిణాఫ్రికా చేరి, ప్రిటోరియా నగరమందలి భారతీయుల నొకచోట సమావేశపఱచి మాటలాడెను. తన జీవితమున అదియే మొదటి బహిరంగోపన్యాసమని ఆత్మకథలో వ్రాసికొనెను. భయమెట్లు తగ్గెను? విషయమును ముందుగా సిద్ధపఱచుకొనెను. అది వర్తకమున సత్యమును పాటించుటను గూర్చినది, అనగా వినువారి నిత్యజీవితమునకు చెందినది. వినువారును తనవలె ప్రవాసులే. మెప్పు పొందుటకు గాక వారి కష్టములు తీరుటకై ఆయన పలికెను. ఆంగ్లము నేర్వగోరిన ఒక క్షురకునకు, ఒక గుమాస్తాకు, ఒక చిన్న దుకాణదారునకు వారి తావులకే పోయి పాఠములు చెప్పెను. పిదప సభలు క్రమముగా జరుగుచు వచ్చెను.

1894లో నేటాలు ఇండియను కాంగ్రెసు స్థాపితమయ్యెను. దాని ప్రాపున, ఆ దేశమందే జన్మించి చదువుకొనిన భారతీయ యువకులకు ఒక విద్యాసంఘ మేర్పడెను. కొద్దిపాటి చందా, నియమిత కాలమున ఉపన్యాసములు, వ్యాసపఠనము, చిన్న గ్రంథాలయము, ఇవియే దాని సామగ్రి. తమ కొఱతలను తామే చెప్పుకొనుట వారచ్చట నభ్యసించిరి.

1906 సెప్టెంబరు 11వ తేదీన జోహాన్నెస్‌బర్గు నగరపు ఎంపైరు నాటకశాలలో, అవమానకరమైన శాసనమునకు లొంగమని భారతీయులు ప్రతిజ్ఞ గైకొనిరి. ఆ మహాసభలో జరిగినదంతయు తమిళులకును తెలుగువారికిని వారివారి భాషలలో వివరించినవారుండిరి. వారును వక్తలే యని మా యభిప్రాయము. తనవారికి బోధపడునట్లు చెప్పుటకంటె వక్తృత్వమున కావలసినదేమి?

విద్యార్థులారా! మీలో పలువురు రేపు పరదేశములకు పోవుదురు. అచ్చట కూలి తగ్గినను, హక్కు పోయినను, నోరు విప్పనివాని కష్టము ఇతరుల నోట మాఱిపోవును. కావున వారమున కొకసారి పదిమంది స్నేహితుల యెదుట ఐదు నిమిషములు, మీకు తెలిసిన విషయమునే, మీకు వచ్చిన మాటలతోనే పలుకుడు. వణకు వచ్చినను పలుకుడు. తల్లిదండ్రులారా! పిల్లవాడు తడబడినప్పుడు నవ్వక, వాక్యము ముగియువఱకు వినుడు. మా తరగతిలో ఎందఱకో ధైర్యము కలిగినది ఈ వినుటవలననే.