పిడికెడు బియ్యం

మా వంటింట్లో బియ్యం డబ్బా పక్కన ఒక చిన్న మట్టికుండ వుంది. అంచు ఒకచోట విరిగింది. ఇంటికి వచ్చినవాళ్ళు దాన్ని చూసి, "ఏమండీ, మొక్క వేయటానికా?" అని అడుగుతారు. మా ఆవిడ నవ్వి వూరుకుంటుంది. నేను వూరుకోలేను. పాఠాలు చెప్పే నోరు గదా!

అది పిడికిటి కుండ. మా క్రైస్తవ కుటుంబాల్లో పాతకాలపు ఆడవాళ్ళకు ఒక అలవాటు వుండేది. ఎసట్లో బియ్యం పోయబోయే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేసేవాళ్ళు. అది దేవుడి పాలు. నెల తిరిగేసరికి రెండు కిలోలకు తక్కువ కాకుండా పోగయ్యేది. మొదటి ఆదివారం ఆ కుండలన్నీ చర్చికి చేరేవి. ఈ అలవాటు మా ఒక్కరిదే అనుకునేరు. మిజోరంలో 1910 నుంచీ వుంది. మాది పల్నాటి పల్లె. మా నాయనమ్మ రోజుల్లో కుండలో పడేది జొన్నలే. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తరువాత మా పొలాల్లోకి వరి వచ్చింది, కుండలోకి బియ్యం వచ్చింది.

నాన్న ఎయిడెడ్ స్కూల్లో పంతులు. సంఘానికి కార్యదర్శి కూడాను. ఆరాధన కాగానే కుండలు తూయించి, ఎవరిది ఎంతో పుస్తకంలో రాసి, పైకి చదవటం ఆయన పని. కంఠం మంచిది. ఏ పేరు పక్కన ఎన్ని కిలోలు పలుకుతాయో అని చర్చి అంతా చెవులు రిక్కించేది. ఆ బియ్యం ఉపదేశిగారి కుటుంబానికి పోయేవి. ఆయన జీతం పేరుకే జీతం. అంచేత ఆ లెక్కను నేను వేళాకోళం చేయటం లేదు సుమండీ.

1992లో, నాకప్పుడు పదకొండేళ్ళు, మా సంఘంలో ఒక ముసలావిడ పేరు పుస్తకంలోంచి కొట్టేశారు. ఆవిడ భర్త బతికినన్నాళ్ళూ చర్చి గంట కొట్టినవాడు. కూతురు వేరే మతం కుర్రవాణ్ణి గుళ్ళో పెళ్ళి చేసుకుంది. తల్లి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చింది. అదీ నేరం. తప్పు ఒప్పుకుంటే చేర్చుకుంటామన్నారు పెద్దలు. "నా బిడ్డ నెత్తిన అక్షింతలు వేసి, తప్పయిందని ఎట్లా చెప్పేది?" అన్నదిట ఆవిడ. ఇక ఆ గడప ఎవరూ తొక్కలేదు. ఆదివారం గంట మోగితే తన అరుగుమీద కూర్చుని కొంగు తలమీదికి లాక్కునేది. అంతకుముందు నేను 'మామ్మా' అని పిలిచేవాణ్ణి. పిలవద్దని నాకెవరూ చెప్పలేదు. అందరూ మానేశారు, నేనూ మానేశాను.

ఆ నెల మా కుండ చర్చికి పోలేదు. నాన్న మా పేరు దాటేసి చదివాడు. ఇంటికొచ్చి అడిగితే అమ్మ, "నీళ్ళకు పోతూ చూస్తున్నా, ఆ ఇంట్లో పొయ్యి వెలగటం లేదు. పోసివచ్చా," అంది, పులుసులో ఉప్పు వేసివచ్చానన్నంత మామూలుగా.

నాన్న చెడ్డవాడు కాదు. కాని పేర్లు చదివేవాడు. రెండో నెల శనివారం రాత్రి నా చేతిలో డబ్బులు పెట్టి, కొట్లో రెండు కిలోలు తెచ్చి చప్పుడు కాకుండా కుండలో పోయమన్నాడు. పోశాను. తెల్లవారి కుండను తనే ముందుగా తీసుకుపోయాడు. కుండ తూగింది, పేరు మోగింది. తూచేటప్పుడు అమ్మ చూడనే చూసింది. మావి పొలం బియ్యం, ముతకవి. కొట్టు బియ్యం తెల్లగా సన్నగా వుంటాయి.

"ఎక్కడివిరా అవి?" అంది ఇంటికొచ్చాక.

"నాకు తెలీదమ్మా."

సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చెప్పే పోటీల్లో బహుమతులన్నీ అప్పట్లో నావే. అమ్మ నా లాగు జేబు తిరగేసింది. దారిలో నములుతూ వచ్చినవి, నాలుగు సన్నగింజలు ఆవిడ అరచేతిలో పడ్డాయి. ఏమీ అనలేదు.

మూడో నెల అమ్మ ఖాళీకుండను కడిగి, తుడిచి, రెండు చేతులా పట్టుకుని చర్చికి వచ్చింది. నిండుకుండల వరసలో పెట్టి, ఎప్పటిలాగే ముందుచాపమీద కూర్చుంది. తూచే కుర్రాడు కుండ ఎత్తి చూసి మళ్ళీ పెట్టేశాడు. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పేరు చదివాడు. పక్కన అంకె చదవలేదు. తరువాతి పేరుకు పోయాడు.

సాయంత్రం పెద్దలు వచ్చారు. "అమ్మా, ఇవ్వాళ మీరు, రేపు ఇంకొకరు. ఉపదేశిగారి పిల్లలేం తినాలి?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. అమ్మ దగ్గర జవాబు లేదు. ఆ పూటనుంచి రెండు పిడికిళ్ళు తీయటం మొదలుపెట్టింది. కుండలు రెండయినాయి, మా కంచాల్లో అన్నం తగ్గింది. అందరం సంతోషంగా తగ్గించుకున్నామనుకునేరు! నేను రోజూ సణిగాను.

మామ్మ ఇంకో రెండేళ్ళు బతికింది. తప్పు ఒప్పుకున్నదీ లేదు, పేరు చేరిందీ లేదు. సమాధి దగ్గర ప్రార్థన చేయటానికి ఎవరూ ముందుకు రాకపోతే నాన్న చేశాడు. కార్యదర్శి పుస్తకం ఆ నెలలోనే వేరొకరి చేతికి పోయింది.

తరువాత నేను ఎం.ఏ. తెలుగు చదివి లెక్చరర్నయ్యాను. ఏటా జాషువా 'గబ్బిలం' పాఠం చెబుతాను. 1941 నాటి కావ్యం. జాషువా మా వినుకొండ వాడు. గుడిలోకి రానివ్వని పేదవాడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. అక్కడికి వచ్చేసరికి నా గొంతు బొంగురుపోతుంది, పిల్లలు నిశ్శబ్దమైపోతారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి అరుగుమీది మామ్మ జ్ఞాపకం రాలేదంటే నమ్మండి.

ఒకసారి పిల్లలను మెదక్ చర్చికి తీసుకువెళ్ళాను. 1914లో మొదలుపెట్టి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో పోస్నెట్ దొర ఆ కట్టడం పని కల్పించి జనానికి తిండి పెట్టాడని అక్కడ చెబుతారు. పిల్లలు రంగుటద్దాల కిటికీలు చూసి అబ్బురపడుతుంటే, నేను ఆ గోడల్లో ఎంత అన్నం వుందో అనుకుంటూ నిలబడ్డాను. అనుకోవటం నాకు బాగా వచ్చు.

2020 మార్చిలో చర్చిలు మూతపడ్డాయి. పట్నంలోని మా చర్చిలో కుండ ఎప్పుడో కవరు అయింది. ఆ యేడు ఫోనయింది. జూన్ నెలలో ఒక ఆదివారం పొద్దున్నే దశమభాగం ఫోన్లో పంపాను. రసీదు వచ్చింది. నిశ్చింతగా కాఫీ తాగి కూరలకు బయలుదేరాను. మూడో వీధి మలుపులో తోపుడుబండి దగ్గర, మూతికి గుడ్డ కట్టుకుని వంకాయలు తూస్తున్నవాడు మా శాఖలో గెస్ట్ లెక్చరర్. మార్చి నుంచి అతనికి జీతం లేదు. 'గబ్బిలం' నాకన్నా బాగా చెబుతాడు. నేను స్కూటరు పక్కసందులోకి తిప్పాను. నన్ను చూస్తే అతను చిన్నబుచ్చుకుంటాడని, అందుకే తిప్పానని ఇంటిదాకా నాకు నేనే చెప్పుకున్నాను.

అసలు సంగతి వేరు. అనుభవ ధ్రువపత్రం కోసం అతను ఫిబ్రవరిలో ఇచ్చిన కాగితం నా బల్లమీదే పడివుంది. ఆ యేడు శాఖ బాధ్యత నాది. ఒక్క సంతకం. రేపన్నాను, ఎల్లుండన్నాను, కాలేజీ మూశారు.

అమ్మ అప్పటికి మా దగ్గరే వుంది. చూపు మందగించింది. సంచీ తడిమి, "కూరలేవిరా?" అంది.

"దొరకలేదమ్మా."

నలభై ఏళ్ళు వస్తున్నాయి. అదే గొంతు. ఆవిడ ఈసారి జేబు తిరగేయలేదు.

మర్నాడు వాచ్‌మన్‌ను బతిమాలి గది తీయించి, దుమ్ము దులిపి సంతకం పెట్టాను. కాగితం పట్టుకుని ఆ వీధికి వెళితే అతను లేడు. మూడు రోజులు తిరిగాను. నాలుగోరోజు చెరువుగట్టు దగ్గర కనిపించాడు. ఏం మాట్లాడాలో దారి పొడుగునా కూర్చుకున్నవి ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆలస్యం చేశాను. మొన్న నిన్ను చూసి సందులోకి తిరిగిపోయాను కూడా," అన్నాను.

"చూశాను సార్," అన్నాడు.

కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కిలో వంకాయలు అడిగాను. తూచాడు. పెద్ద నోటు ఇచ్చి వుంచుకోమంటే, చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. పెట్టి, పచ్చిమిరపకాయలు ఒక పిడికెడు తీసి సంచీలో వేశాడు. "కొసరు సార్."

ఇంటికొచ్చాక అమ్మ సంచీలో చెయ్యిపెట్టి మిరపకాయలు ఏరి పక్కన పెట్టింది. "ఇవి కొన్నవి కావు. ఎవరిచ్చార్రా?" అంది.

పీట వాల్చుకుని కూర్చున్నాను. మొదటినుంచీ చెప్పేసరికి చాలాసేపు పట్టింది.