పట్టించుకోవద్దు జాబితా

పండక్కి అటక దులిపిన వాళ్ళెవరికైనా తెలిసిందే, దుమ్ముతో పాటు పోయేవి ఎప్పుడూ మనకి కావలసినవే. మావారు ఓసారి పాత పేపర్లతో పాటు నా గ్యాస్ పుస్తకం కూడా తూకానికి వేసేశారు. ఆ గుణమే మావాడికీ వచ్చిందని మొన్న శివరాత్రికి తేలింది.

మావాడిది కంప్యూటరు ఉద్యోగం. కోటప్పకొండ తిరునాళ్ళకని నరసరావుపేట వచ్చి, వారం రోజులు ఇంట్లోంచే పని చేసుకున్నాడు. ఎనభై నాలుగేళ్ళ మా అత్తగారు చెబుతుంటే, గోంగూర, పండుమిరప, ఉసిరి... నలభై పచ్చళ్ళ కొలతలు వాడి కంప్యూటర్లోనే కొట్టి పెట్టాను. బుధవారం పొద్దున చూస్తే ఒక్కటీ లేదు!

"రాత్రి చెత్త ఊడ్చే ప్రోగ్రాం పెట్టానమ్మా" అన్నాడు, మొహం చిన్నది చేసుకుని.

వాళ్ళకి గిట్ అని ఒకటుందిట. లినక్స్ తయారుచేసిన లైనస్ టోర్వాల్డ్సే 2005లో దాన్నీ రాశాడట. అప్పజెప్పిన ఫైలు మార్చినప్పుడల్లా మళ్ళీ అప్పజెబితే ప్రతి మార్పూ గుర్తు పెట్టుకుంటుంది. అప్పజెప్పనిదాని ఊసు దానికి పట్టదు. 'గిట్ క్లీన్' అంటే అలాంటివన్నీ ఊడ్చేస్తుంది. చెత్తబుట్టలోకి కూడా కాదు, తిన్నగా గంగలోకే!

"మరి నావెందుకు అప్పజెప్పలేదురా?" అంటే, ఆఫీసు పనిలో కలవకుండా 'పట్టించుకోవద్దు' అనే జాబితాలో రాశాడట. అమ్మ రాతలు పట్టించుకోవద్దా! మనసు చివుక్కుమంది. తీరా చూస్తే, ఆ జాబితాలో ఉన్నవాటిని ఆ చీపురు మామూలుగా ముట్టుకోదట. వీడే 'ఎక్స్' అనే అక్షరం తగిలించి వాటినీ ఊడవమన్నాడు. అసలు 'ఎఫ్' అని గట్టిగా చెబితే గాని అది దేన్నీ తుడవదట. మహానుభావుడు అదీ పెట్టాడు.

ఆ ఎక్స్ తీసేశాడు. 'ఎన్' అని పెడితే ఏవేవి పోతాయో పేర్లు చూపించి ఊరుకుంటుందట. ముందు ఆ పేర్లు చూపించి, తను సరేనన్నాకే తుడిచేలా మార్చాడు. ఉత్తుత్తి ఫైళ్ళు పెట్టి రెండుసార్లు సరిచూశాడు. పోయినవి మాత్రం రాలేదు.

సాయంత్రం అత్తగారు మళ్ళీ కూర్చున్నారు. గోంగూరకి పోయినసారి సోలెడు ఉప్పన్నారు, ఈసారి అరసోలన్నారు.

"ఏది సరి అత్తయ్యా?"

ఆవిడ కాసేపు నా మొహంలోకే చూసి, "పోయినసారి ఏం చెప్పానమ్మాయ్?" అన్నారు.

మావాడు రెండు కొలతలూ రాసి, అప్పటికప్పుడు గిట్‌కి అప్పజెప్పాడు.