రాకెట్లు చూడబోయే ముందు

పిల్లలూ! తారాజువ్వ ఎరగని తెలుగు పిల్లలు ఉండరు గదా! సీసాలో నిలబెట్టి వత్తి ముట్టిస్తే సుయ్యిమని పైకి పోతుంది. మనం చప్పట్లు కొడతాం. ఆ తరవాత దాని పుల్ల ఎవరి పెరట్లో పడిందో మనకు పట్టదు. ఈ అలవాటు ఒక్కటి ఇంటి దగ్గర వదిలి బయలుదేరండి. అప్పుడు నేను చెప్పబోయే వేడుక మీరు చక్కగా చూడగలరు.

అమెరికాలో సరదా కోసం చిన్న రాకెట్లు చేసి ఎగరవేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందరూ శాస్త్రజ్ఞులేమీ కారు; బడిపిల్లలూ, వాళ్ళ తల్లిదండ్రులూ, నాబోటి పింఛనుదార్లూను. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ అనే సంఘం 1957లోనే పుట్టింది. ఇలాంటి సంఘాలవాళ్ళు సెలవు రోజున ఏ పంట కోసిన పొలంలోనో చేరతారు. టెక్సాస్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మనమరాలితో కలిసి నేను ఈ సంబరం చూశాను. మీ బంధువులు ఆ దేశంలో ఉంటే మీకూ ఆ అవకాశం రావచ్చు.

పొలంలో నీడ ఉండదు. టోపీ, మంచినీళ్ళు, మడత కుర్చీ తప్పవు. కొయ్యకాళ్ళు గుచ్చుకుంటాయి గనక చెప్పులు చాలవు, బూట్లు ఉండాలి. పులిహోర కట్టుకుపోతే మరీ మంచిది; అక్కడ దొరికే తిండి నాకైతే రుచించలేదు. బైనాక్యులర్స్ ఉంటే తీసుకుపోండి గాని, వాటితో సూర్యుడివైపు మటుకు చూడకండి. గాలి సంగతి ముందే కనుక్కోండి. గంటకు 20 మైళ్ళు మించి గాలి వీస్తూ ఉంటే రాకెట్ ఎగరవేయకూడదని నియమం.

ఇంకొక పరికరం మీరే చేసుకోవచ్చు. జ్యామెట్రీ పెట్టెలోని కోణమానిని తీసుకుని, దాని తిన్నని అంచు వెంబడి ఒక గొట్టం పుల్ల అంటించండి. మధ్య బిందువు నుంచి దారం కట్టి, చివర చిన్న బరువు వేలాడదీయండి. తిన్నని అంచు పైకి ఉండేలా పట్టుకుని, గొట్టంలోనుంచి రాకెట్టును చూస్తే, దారం 90 నుంచి ఎన్ని డిగ్రీలు జరిగిందో అదే కోణం. రాకెట్ లేచేచోటికి మీరు 100 మీటర్ల దూరాన ఉన్నారనుకోండి. కోణం 45 డిగ్రీలైతే రాకెట్ 100 మీటర్ల ఎత్తుకు వెళ్ళినట్టు. 60 డిగ్రీలైతే దాదాపు 173 మీటర్లు. దీనికి మీ కంటి ఎత్తు కలుపుకోవాలి. ముందుగా ఇంటి దగ్గర కొబ్బరిచెట్టు మీద అభ్యాసం చేయండి.

రాకెట్ ఒళ్ళు అట్టగొట్టం, రెక్కలు పల్చని చెక్క. లోపలి మందుగొట్టం మటుకు కార్ఖానాలో చేసినదే; దాన్ని ఇంట్లో చేయబోవడం చేతులు పోగొట్టుకునే పని. దానిమీద ఎ8-3 అని ఉంటుంది. అక్షరం మొత్తం బలాన్ని చెబుతుంది. ఎ కంటె బి, బి కంటె సి రెట్టింపు. 8 అనేది సగటున ఎన్ని న్యూటన్ల తోపు ఇస్తుందో చెబుతుంది. ఇక 3 ఉన్నదే, అసలు కిటుకు అందులో ఉన్నది! మందు ఒక్క సెకండైనా మండదు. తొక్కడం మానినా సైకిలు కొంతదూరం పోయినట్టు, రాకెట్ ఆ ఊపుతోనే ఇంకా పైకి పోతుంది. 3 సెకండ్ల తరవాత లోపల చిన్న పేలుడు జరిగి, ముక్కు ఊడి, పారాచూట్ బయటికి వస్తుంది. అది విచ్చుకోకపోతే రాకెట్ ఈటెలాగా తలకిందులుగా దిగుతుంది. అందుచేత ప్రతి రాకెట్టునూ నేలను తాకేదాకా చూడాలి. ఎవరైనా హెచ్చరికగా కేకవేస్తే లేచి నిలబడి పైకి చూడాలే గాని, పరుగెత్తకూడదు, పట్టుకోవడానికి చేయి చాపకూడదు.

వీటిని అగ్గిపుల్లతో ముట్టించరు. చిన్నవాటికి 15 అడుగుల దూరం నుంచి, పెద్దవాటికి 30 అడుగుల నుంచి, విద్యుత్తుతో అంటిస్తారు. మా మనమరాలి రాకెట్ వంతు వచ్చింది. అయిదు నుంచి లెక్కపెట్టి మీట నొక్కారు. చప్పుడు లేదు, పొగ లేదు. పిల్ల గబుక్కున ముందుకు దూకబోయింది. పక్కనున్న ముసలాయన చేయి అడ్డంపెట్టి, తన గడియారం చూపించాడు. బ్యాటరీ తీగ తీసేసి, పూర్తిగా ఒక నిమిషం ఆగాలి. లోపల నిప్పు రాజుకుంటున్నదేమో ఎవరికి తెలుసు? పిల్ల కళ్ళనిండా నీళ్ళు. "ఇంకా ఎంతసేపు తాతయ్యా?" అని మూడుసార్లు అడిగింది.

నిప్పంటించే తీగ మార్చాక రెండోసారి లేచింది. పారాచూట్ విచ్చుకుంది గాని, గాలికి దూరంగా కొట్టుకుపోయి గడ్డిలో పడింది. ఇలాంటప్పుడు ఇద్దరు వేరువేరు చోట్ల నిలబడి, అది పడినవైపు దూరాన కనిపించే గుర్తు ఒకటి పెట్టుకోవాలి. నేను నీళ్ళ ట్యాంకు గుర్తు పెట్టుకున్నాను, పిల్ల ఒక చెట్టు గుర్తు పెట్టుకుంది. ఎవరి గుర్తుకేసి వాళ్ళం తిన్నగా నడిచాం. మా దారులు కలిసినచోటికి నాలుగు అడుగుల ఇవతల, ఎర్ర పారాచూట్ గడ్డిమీద పరుచుకుని ఉన్నది.